పసిబిడ్డ మెదడు – క్షయ సూక్ష్మజీవి : మదనపల్లె నేర్పిన పాఠం

శరీరంలో మెదడుకు ఉన్నంత కాపుదల మరే అవయవానికీ లేదు. పైన గట్టి పుర్రె, దానిలోపల మూడు పొరలు, ఆ పొరల నడుమ నీటివలె నిర్మలమైన ద్రవం. పెద్దవారిలో ఈ ద్రవం ఏ సమయంలోనైనా సుమారు 150 మిల్లీలీటర్లు మాత్రమే ఉంటుంది. కాని రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతూ, పాతది తిరిగి రక్తంలో కలిసిపోతూ ఉంటుంది. మెదడులోని సన్నని రక్తనాళాల గోడలు సైతం తక్కిన అవయవాలలోని వానికంటె బిగువైనవి. అందుచేత రక్తంలో తిరిగే సూక్ష్మజీవులు సాధారణంగా మెదడులోకి జొరబడలేవు.

అయితే ఈ కాపుదలలోనే ఒక చిక్కు ఉన్నది. ఏ సూక్ష్మజీవి అయినా ఎట్లాగో లోపలికి ప్రవేశించినదా, దానిని ఎదుర్కొనే రక్తకణాలు అక్కడికి చేరుటకు ఆలస్యమవుతుంది. అనేక ఔషధాలు ఆ గోడను దాటలేవు. వాచిన కణజాలం పెరుగుటకు పుర్రెలో చోటు ఉండదు. కోట ఎంత బలమైనదో, లోపల చిక్కిన పోరు అంత ప్రమాదకరమైనది.

అదను కోసం పొంచి ఉండే జీవులు

మెదడుకు వ్యాధి తెచ్చే సూక్ష్మజీవులలో అనేకం కేవలం మెదడు కోసం పుట్టినవి కావు. న్యూమోకాకస్ అనే జీవి ఎందరో ఆరోగ్యవంతుల ముక్కులోను, గొంతులోను ఏ హానీ చేయక నివసిస్తూ ఉంటుంది. శరీరబలం తగ్గినప్పుడు, లేదా చెవిలో చీము పట్టినప్పుడు, అదే జీవి మెదడు పొరలకు చేరి మెనింజైటిస్ అనే వాపును కలిగించగలదు.

పశువులలోనూ ఇట్టిది ఉన్నది. మట్టిలోను, చెడిన మేతలోను ఉండే లిస్టీరియా అనే సూక్ష్మజీవి గొర్రె నోటిలోని చిన్న గాయం గుండా ప్రవేశించి, ముఖానికి సంబంధించిన నరం వెంట ప్రాకి మెదడును చేరుతుంది. అప్పుడు గొర్రె తల ఒకవైపు వాల్చి, ఒకే దిక్కుగా గుండ్రంగా తిరుగుతుంది. 1926లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఈ జీవిని ప్రయోగశాల కుందేళ్లలోను, గినీ పందులలోను మొదట వర్ణించారు. మనుష్యులలో ఇది గర్భిణులను, అప్పుడే పుట్టిన శిశువులను, వృద్ధులను ఎన్నుకొంటుంది. ఇట్లు మామూలు రోజులలో ఊరకుండి, శరీరం బలహీనపడగానే విజృంభించే జీవులను అవకాశవాద సూక్ష్మజీవులు అంటారు.

క్షయ సూక్ష్మజీవిని ఈ కోవలో చేర్చేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. అది ఆరోగ్యవంతునికి కూడ జబ్బు తేగలదు. అయినా దాని నడత చాలవరకు అవకాశవాది నడతయే. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగవ వంతు మంది శరీరాలలో ఈ జీవి ప్రవేశించి ఉన్నదని అంచనా. వారిలో జీవితకాలంలో నూటికి 5 నుంచి 10 మందికి మాత్రమే జబ్బు పైకి వస్తుంది. తక్కినవారిలో అది అణగి ఉంటుంది. ఆహారలోపం, తట్టు, మధుమేహం, హెచ్.ఐ.వి. వంటి కారణాలచేత కాపుదల సడలినప్పుడు లేస్తుంది. పసిబిడ్డల కాపుదల సడలనక్కరలేదు. అది ఇంకా పూర్తిగా ఏర్పడనేలేదు. అందుకే టీకా లేని, ఏడాది నిండని బిడ్డకు ఈ జీవి సోకినచో, నూటికి 10 నుంచి 20 మందిలో అది రక్తం వెంట శరీరమంతటా వ్యాపించుటయో, మెదడు పొరలను చేరుటయో జరుగుతుంది.

మెదడులో ఏమి జరుగుతుంది?

1768లో ఎడింబరో వైద్యుడు రాబర్ట్ విట్ వ్రాసిన గ్రంథం ప్రచురితమైనది. మెదడులో నీరు చేరి మరణించిన సుమారు 20 మంది పిల్లల వ్యాధిని అందులో అతడు వర్ణించాడు. అది చాలవరకు క్షయ మెనింజైటిసే అని నేటి వైద్యుల అభిప్రాయం. కారణం మాత్రం విట్‌కు తెలియదు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించిన తరువాతనే శత్రువు ఎవరో తెలిసింది.

శత్రువు మెదడు పొరలను చేరే త్రోవ తెలియుటకు మరి 51 ఏళ్లు పట్టింది. 1933లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థకు చెందిన ఆర్నల్డ్ రిచ్, హోవర్డ్ మెకార్డాక్ ఈ విషయం తేల్చారు. పీల్చిన గాలితో ఊపిరితిత్తిని చేరిన జీవి, అక్కడి నుంచి రక్తంలో కలిసి, మెదడు అంచున ఎక్కడో ఒక చిన్న గడ్డగా నిలిచిపోతుంది. వారాలో, నెలలో అది అట్లే ఉండవచ్చును. తరువాత ఒకనాడు గడ్డ పగిలి, దానిలోని సూక్ష్మజీవులు మెదడు చుట్టునున్న ద్రవంలోకి చిందుతవి. జబ్బు అప్పుడు మొదలవుతుంది.

మెదడు అడుగుభాగాన జిగటగా, చిక్కగా ఒక పదార్థం పేరుకొంటుంది. అది ద్రవం పోయే దారులను మూసివేస్తే తలలో నీరు నిలుస్తుంది. కంటి కదలికల నరాలను నొక్కితే మెల్లకన్ను వస్తుంది. రక్తనాళాలను చుట్టుకొంటే పక్షవాతం వస్తుంది. ఇదంతా నెమ్మదిగా సాగుతుంది. ఎందుకంటే అనేక సూక్ష్మజీవులు అరగంటలోపల రెండుగా చీలగా, క్షయ సూక్ష్మజీవికి దానికి సుమారు 20 గంటలు పడుతుంది. తొలి వారాలలో బిడ్డ ఆట మానుతుంది, అన్నం వద్దంటుంది, కొద్దిపాటి జ్వరంతో ముడుచుకొని పడుకొంటుంది. తరువాత వాంతులు, మెడ బిగుసుకొనుట, మూర్ఛలు. పల్లెలలో వెనుకటివారు దీనిని గాలి సోకినదనో, బాలగ్రహమనో అనుకొన్నారంటే ఆశ్చర్యం లేదు. దగ్గు ఉన్నది ఇంట్లోని పెద్దవారికి; మూర్ఛలు వచ్చినది బిడ్డకు. ఈ రెంటికీ సంబంధమున్నదని కంటికి కనిపించేది కాదు.

స్ట్రెప్టోమైసిన్ రాకముందు ఈ వ్యాధి సోకిన బిడ్డ బ్రతుకుట దాదాపు లేదు. 1943లో ఆ మందు కనుగొనబడింది. 1952లో వాడుకలోకి వచ్చిన ఐసోనయజిడ్ మెదడు ద్రవంలోకి సులువుగా చేరగలది కావున మేలు మరింత పెరిగింది. అయినా సమస్య తీరలేదు. 2014లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, చికిత్స పొందిన పిల్లలలోనే నూటికి సుమారు 19 మంది మరణించారు. బ్రతికినవారిలో సగానికి పైగా ఏదో ఒక నరాల లోపం మిగిలింది. కనుక రాకుండ చేయుటయే ప్రధానం. ఆ ప్రయత్నం మన దేశంలో మొదలైనది నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో.

ఆవు నుంచి వచ్చిన టీకా

ఆ టీకాకు మూలం ఒక ఆవు. పశువుల క్షయజీవి, మనుష్యుల క్షయజీవి వేరువేరు రకాలని 1898లో అమెరికా శాస్త్రజ్ఞుడు థియోబాల్డ్ స్మిత్ చూపాడు. పశువుల రకం మనుష్యులకు పెద్ద ప్రమాదం కాదని 1901లో లండన్ మహాసభలో కాక్ అన్నాడు. ఇది నిజమో కాదో తేల్చుటకు బ్రిటిష్ ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. 1911 వరకు పనిచేసిన ఆ సంఘం కాక్ మాట సరికాదని తేల్చింది. క్షయ సోకిన ఆవుల పాలను కాచకుండ త్రాగిన పిల్లలకు ఆ వ్యాధి సోకుతుంది. పశువులకు కూడ మెదడు క్షయ తప్పదు. దూడలలో అది మెదడు పొరలకు ప్రాకుట పశువైద్యులు ఎరిగిన విషయమే. పాలు పొంగించి త్రాగే మన అలవాటు ఎంత మేలు చేస్తున్నదో దీనివల్ల గ్రహింపవచ్చును.

ఫ్రాన్సులో లీల్ నగరపు పాశ్చర్ సంస్థలో వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్, పశువైద్యుడు కామిల్ గెరాన్ కలిసి పనిచేశారు. ఒక ఆవు నుంచి తీసిన క్షయజీవిని, ఎద్దు పిత్తం, గ్లిజరిన్ కలిపిన బంగాళాదుంప ముక్కలపై వారు పెంచారు. 1908 నుంచి 1921 వరకు, సుమారు మూడు వారాలకు ఒకసారి చొప్పున, 230 పర్యాయాలు దానిని కొత్త ముక్కలకు మార్చారు. క్రమంగా దాని కాఠిన్యం తగ్గి, ప్రాణం మాత్రం నిలిచింది. అదే బి.సి.జి. ఆ అక్షరాలలో ‘సి’ కాల్మెట్‌ది, ‘జి’ గెరాన్‌ది. 1921లో పారిస్‌లో ఒక శిశువుకు మొదటిసారిగా ఇచ్చారు.

తొలి రోజులు సాఫీగా సాగలేదు. 1930లో జర్మనీలోని ల్యూబెక్ పట్టణంలో టీకా వేసుకొన్న శిశువులలో 72 మంది క్షయతో మరణించారు. స్థానిక ప్రయోగశాలలో టీకాతో కఠినమైన క్షయజీవి కలిసిపోవుటయే దానికి కారణమని విచారణలో తేలింది. తప్పు టీకాది కాకపోయినా, భయం మాత్రం చాలకాలం నిలిచింది.

ఆరోగ్యవరం

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. పొడిగాలి, చల్లదనం క్షయరోగులకు మంచివని నమ్మిన కాలంలో, పలు క్రైస్తవ మిషన్లు కలిసి ఆ ఊరి దాపున ఒక శానిటోరియం కట్టించినవి. 1912 – 1915 సంవత్సరాల మధ్య అది రూపుదిద్దుకొన్నది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. డెన్మార్క్ దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దానికి మొదటి అధిపతి. తరువాత అక్కడ పనిచేసిన డాక్టర్ పి. వి. బెంజమిన్ భారత ప్రభుత్వానికి క్షయవ్యాధి సలహాదారు అయినాడు. దక్షిణదేశం నలుమూలల నుంచి రోగులు అక్కడికి వచ్చేవారు. రోగులతోపాటు క్షయను గురించిన అనుభవం కూడ అక్కడ ప్రోగుపడింది.

1948లో మద్రాసులోని గిండీలో బి.సి.జి. తయారుచేసే ప్రయోగశాల ఏర్పడింది. అదే ఏడు ఆగస్టులో మదనపల్లెలో టీకాలు వేయుట మొదలైనది. దేశంలో బి.సి.జి. పనికి అది నాంది. ముందు చేతిపై ట్యూబర్కులిన్ సూది వేసి, మూడు రోజుల తరువాత చూచేవారు. గట్టిగా వాచినచో ఆ వ్యక్తికి క్షయజీవి ఇదివరకే సోకినదని అర్థం; టీకాతో పనిలేదు. వాపు లేనివారికే టీకా. 1951 నుంచి దేశమంతటా పెద్దయెత్తున ఈ పని సాగింది.

వాదం, లెక్క

అందరూ దీనిని ఆమోదించలేదు. 1955లో చక్రవర్తి రాజగోపాలాచారి బి.సి.జి.ని బహిరంగంగా వ్యతిరేకించారు. ప్రాణమున్న సూక్ష్మజీవులను కోట్లాది పిల్లల శరీరాలలో ఎక్కించుట సబబా, దాని మేలు నిశ్చయంగా రుజువైనదా అన్నవి ఆయన ప్రశ్నలు. టీకావల్ల ప్రమాదం మితిమీరినదన్న భయం అనుభవంలో నిలువలేదు. అయితే రెండవ ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు వాదంతో రాదు, లెక్కతోనే రావాలి.

ఆ లెక్క అప్పటికే మదనపల్లె చుట్టునున్న పల్లెలలో మొదలైనది. 1950 – 1955 సంవత్సరాల మధ్య డాక్టర్ జొహానెస్ ఫ్రిమోట్-మొల్లర్, అతని సహచరులు ఇంటింటికి తిరిగి ట్యూబర్కులిన్ పరీక్షలు చేశారు. వాపు లేనివారిలో ఒకరిని విడిచి ఒకరికి టీకా వేశారు. తరువాత ఏళ్ల తరబడి రెండు వర్గాలవారిని కనిపెట్టి చూచారు. 1973లో ప్రచురించిన ఫలితాలు ఇవి : టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి, వేయని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చింది. అనగా వేయికి సుమారు 6.5 మంది ఒకవైపు, 8.1 మంది మరొకవైపు. తేడా ఉన్నది, కాని స్వల్పం. ఇంత కొద్ది సంఖ్యలలో అది కాకతాళీయం కావచ్చును కూడ.

కావున ఇంకా పెద్ద పరీక్ష అవసరమైనది. చిత్తూరు జిల్లాకు ఆనుకొని ఉన్న నాటి చెంగల్పట్టు జిల్లాలో 1968లో అది ప్రారంభమైనది. 1980 నాటి లెక్కలో రెండు వర్గాలలోను 88,391 మంది చొప్పున ఉన్నారు. టీకా వేసినవారిలో 505 మందికి, వేయనివారిలో 499 మందికి ఊపిరితిత్తుల క్షయ కనిపించింది. టీకా వేయుటా, మానుటా ఒకటే అన్నట్లున్న ఈ ఫలితం ప్రపంచమంతటా కలవరం కలిగించింది. 1999లో వెలువడిన 15 ఏళ్ల పరిశీలనలో కూడ పెద్దవారికి రక్షణ కనిపించలేదు. ఉష్ణదేశాల నేలలోను, నీటిలోను ఉండే నిరపాయమైన క్షయజాతి జీవులు ముందే శరీరానికి పరిచయం కావుటచేత టీకా ప్రభావం మరుగుపడుతున్నదని కొందరు శాస్త్రజ్ఞులు వివరించారు.

అడిగిన ప్రశ్న ఏది?

అయితే బి.సి.జి.ని మానివేయవలసినదేనా? ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. చెంగల్పట్టు పరీక్ష అడిగిన ప్రశ్న, కఫంలో సూక్ష్మజీవులు కనిపించే ఊపిరితిత్తుల క్షయను టీకా ఆపునా అన్నది. అది ప్రధానంగా పెద్దవారి జబ్బు. పసిబిడ్డకు కఫం ఉమ్మివేయుట రాదు. వారిలో సూక్ష్మజీవులు కఫంలో దొరుకుట అరుదు. బిడ్డను చంపేది మెదడు పొరల క్షయ. ఆ ప్రశ్నకు ఈ పరీక్షలో జవాబు వెదకుట, వానను కొలిచే పాత్రతో గాలివేగాన్ని కొలవబోవుట వంటిది.

మెదడు క్షయను గురించి వేరే పరిశోధనలు జరిగినవి. జబ్బు వచ్చిన పిల్లలలో ఎందరికి టీకా మచ్చ ఉన్నది, అదే వయస్సుగల ఇతర పిల్లలలో ఎందరికి ఉన్నది అని పలు దేశాలలో పోల్చి చూచారు. 2006లో ప్రచురించిన ఒక సమీక్ష వీటిని క్రోడీకరించింది. దాని ప్రకారం శిశుప్రాయంలో వేసిన బి.సి.జి. పిల్లల క్షయ మెనింజైటిస్‌ను నూటికి సుమారు 73 పాళ్లు నివారిస్తుంది. 2002లో ప్రపంచంలో శిశువులకు వేసిన సుమారు 10 కోట్ల టీకాలు, వారికి అయిదేళ్లు నిండేలోపల సుమారు 30,000 మెనింజైటిస్‌లను ఆపినవని అందులో అంచనా కట్టారు. ఇంచుమించు 3,400 టీకాలకు ఒక బిడ్డ మెదడు దక్కిందన్నమాట.

ఒకే టీకా ఊపిరితిత్తుల విషయంలో ఓడి, మెదడు విషయంలో ఎట్లు గెలిచింది? వ్యాధి నడచే త్రోవను తలచుకొంటే ఇది అర్థమవుతుంది. గాలితో వచ్చే జీవి ఊపిరితిత్తిలో దిగుటను టీకా పూర్తిగా ఆపలేదు. కాని టీకావల్ల ముందే తర్ఫీదు పొందిన రక్షక కణాలు, ఆ జీవి అక్కడి నుంచి రక్తంలో కలిసి పారిపోకుండ చుట్టుముట్టుతవి. రక్తంలోకి పోనిచో మెదడు అంచున గడ్డ ఏర్పడదు. గడ్డ లేనిచో పగిలేదీ లేదు.

నేటి మాట

1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమంలో బి.సి.జి.కి స్థానం లభించింది. 1978లో విస్తృత టీకా కార్యక్రమం మొదలైనప్పటి నుంచి అది ముఖ్యంగా శిశువుల టీకా అయినది. బిడ్డ పుట్టగానే, ఆసుపత్రి విడిచేలోపుననే వేయుట నేటి పద్ధతి. ఆలస్యమైన ప్రతి వారమూ ఆ బిడ్డ కాపుదల లేకుండ గడిపిన వారమే. అయితే పుట్టుకతోనే రోగనిరోధక శక్తి తీవ్రంగా లోపించిన శిశువులకు ప్రాణమున్న ఈ టీకా పనికిరాదు. అట్టి శరీరంలో మచ్చికైన టీకాజీవి కూడ అవకాశవాదిగా మారగలదు.

ఈ చరిత్రలో మనుష్యుల వైద్యమూ పశువుల వైద్యమూ పెనవేసుకొని ఉన్నవి. టీకాజీవి ఆవుది, దానిని మచ్చిక చేసినవారిలో ఒకరు పశువైద్యుడు. తిరుపతిలో 1955లో పశువైద్య కళాశాల, 1960లో వైద్య కళాశాల ఏర్పడినవి. పాడికి పేరుపొందిన ఈ ప్రాంతంలో ఈ రెండు విద్యలూ ఒకే ఊరిలో ఉండుట ఉచితమే.

తరగతిలోని విద్యార్థులలో చాలమందికి ఎడమ భుజంపై చిన్న గుండ్రని మచ్చ ఉంటుంది. ఆ మచ్చ ఉన్నంతమాత్రాన పెద్దయిన తరువాత క్షయ రాదనుకొనుట పొరపాటు. మదనపల్లె, చెంగల్పట్టు లెక్కలు ఆ భరోసా ఇవ్వలేదు. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారెవరైనా కఫం పరీక్ష చేయించుకొనవలసినదే. పసిబిడ్డ ఉన్న ఇంట ఇది మరీ ముఖ్యం. పెద్దవారి దగ్గుకు సకాలంలో జరిగిన చికిత్సయే ఆ బిడ్డకు రెండవ టీకా వంటిది. మొదటిది మాత్రం ఆ చిన్న మచ్చయే. బిడ్డ మెదడు అతి సున్నితంగా ఉన్న ఏళ్లలో అది చేయవలసిన పని చేసింది.